ఏ టీ నుంచి ఆడి రాశారు? – గోల్ఫ్ కోర్సుల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లల దగ్గరికో, విహారయాత్రకో వెళ్లినచోట గోల్ఫ్ ఆడే మహిళల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి పలువురు ఉత్తరాలు రాశారు. సభ్యత్వంతో పనిలేకుండా రుసుము చెల్లించి ఆడుకోగల పబ్లిక్ కోర్సులను గురించి, రిసార్టు కోర్సులను గురించి దొరికే సమీక్షలు ఆడవారి ఆటకు ఎందుకు అక్కరకు రావడం లేదన్న ప్రశ్న ఎక్కువ ఉత్తరాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఆట కొత్తవారి కోసం ఒక మాట: ప్రతి హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు టీ, చివర గుంత ఉన్న నున్నటి పచ్చిక గ్రీన్, ఎక్కువ దూరం కొట్టే క్లబ్ డ్రైవర్, దానితో టీ నుంచి కొట్టేది డ్రైవ్. పార్-4 అంటే రెండు షాట్లలో గ్రీన్ చేరి మొత్తం నాలుగింట్లో ముగించవలసిన హోల్.

ప్రశ్న: కళాశాల ఉద్యోగం నుంచి విరమించాక గోల్ఫ్ నేర్చుకున్నాను. డాలస్ దగ్గర ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆడుతుంటాను. డ్రైవర్‌తో కొడితే బంతి దొర్లడంతో కలిపి 150 గజాలు వెళ్తుంది. "అన్ని స్థాయులవారికీ అనువైన కోర్సు" అని చదివి వెళ్లినచోట కూడా, ఆడవాళ్ల టీ నుంచి మొదలుపెట్టినా, పార్-4 హోల్స్‌లో మూడో షాట్‌కి గాని గ్రీన్ అందడం లేదు. లోపం నా ఆటలో ఉందా, కోర్సులో ఉందా?
— విశ్రాంత అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు రాసిన 150 అన్న అంకెతోనే విషయం తేలిపోతోంది. కోర్సుల కష్టాన్ని లెక్కగట్టడానికి అమెరికా గోల్ఫ్ సంఘమైన యూఎస్‌జీఏ ఇద్దరు ఊహా మహిళలను కొలతగా పెట్టుకుంది. మొదటి ఆమె స్క్రాచ్ క్రీడాకారిణి, అంటే దాదాపు పార్‌కే ఆడే నిపుణురాలు. డ్రైవ్ 210 గజాలు, 400 గజాల హోల్‌ను రెండు షాట్లలో అందుకుంటుంది. రెండో ఆమె బోగీ క్రీడాకారిణి, అంటే హ్యాండీక్యాప్ (పార్ కంటే ఎక్కువ పట్టే షాట్ల అంచనా) 24 దరిదాపుల్లో ఉన్న మామూలు ఆటగత్తె. ఆమె డ్రైవ్ 150 గజాలు, రెండు షాట్లలో అందుకునేది 280 గజాలు. మీరు అచ్చంగా ఆ రెండో ఆమె. కాబట్టి ఆడవాళ్ల టీ నుంచి 340 గజాలు ఉన్న పార్-4లో మీరు రెండు షాట్లనూ ఏ వంకా లేకుండా కొట్టినా, గ్రీన్‌కి ఇంకా అరవై గజాల వెనుకే ఉంటారు. ఇది మీ ఆటలోని లోపం కాదు.

ఇంకొంచెం ముందుకు వెళ్లి చూద్దాం. ఆడవాళ్ల టీ నుంచి మొత్తం పొడవు 5,400 గజాలు ఉన్న కోర్సులు కొల్లలు. ఆ 5,400ను మీ 150తో భాగిస్తే 36 వస్తుంది. డ్రైవర్‌తో 230 గజాలు కొట్టే మగవారికి ఇదే నిష్పత్తిలో కోర్సు కావాలంటే దాని పొడవు 8,280 గజాలు ఉండాలి. 2017లో ఎరిన్ హిల్స్‌లో జరిగిన పురుషుల యూఎస్ ఓపెన్‌లో, ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల కోసం మొదటి రోజు పెట్టిన పొడవే 7,845 గజాలు. వారాంతాల్లో సరదాకి ఆడుకునే పెద్దమనిషిని ఎనిమిది వేల గజాల కోర్సు మీదికి తోలితే ఆయన మూడో హోల్ దాటకముందే నడుం నొప్పి అంటాడు. మనచేత సరిగ్గా ఆ పనే చేయించి, అనువైన కోర్సు అని రాస్తున్నారు.

అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘమైన పీజీఏ, యూఎస్‌జీఏ కలిసి 2011లో "ముందు టీ నుంచి ఆడండి" అన్న ప్రచారం మొదలుపెట్టి, ఎవరి డ్రైవ్‌కు ఎంత పొడవు తగునో ఒక పట్టిక ఇచ్చాయి. దాని ప్రకారం డ్రైవ్ 200 గజాలైతే 5,200 నుంచి 5,400 వరకు, 175 అయితే 4,400 నుంచి 4,600 వరకు, 150 అయితే 3,500 నుంచి 3,700 గజాల వరకు ఉన్న కోర్సు సరిపోతుంది. మీకు దొరుకుతున్న టీ మీకంటే 50 గజాలు ఎక్కువ కొట్టే మహిళ కోసం పెట్టినదని దీన్నిబట్టి అర్థమవుతోంది.

మహిళలకు ఒకే టీ చాలదని, బాగా ఆడేవారికి ఒకటి, మామూలుగా ఆడేవారికి మరొకటి కనీసం రెండు ఉండాలని ఏళ్ల తరబడి పోరిన వ్యక్తి ఆలిస్ డై (1927–2019). అమెరికా గోల్ఫ్ కోర్సు రూపశిల్పుల సంఘానికి 1997లో అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆమె. ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్ కోర్సు 17వ హోల్‌లో గ్రీన్ చుట్టూ నీళ్లు పెట్టే ఆలోచన కూడా ఆమెదే. ఆ విషయంలో ఆమెను తిట్టుకునేవాళ్లు ఆడవాళ్లలోనూ, మగవాళ్లలోనూ సమానంగానే ఉన్నారు. ఆమె చెప్పిన రెండు టీల పద్ధతిని పాటించారా లేదా అన్నది స్కోరుకార్డు చూస్తే చాలు, ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. అన్నిటికన్నా ముందున్న టీ పొడవు ఎంత, మహిళల రేటింగ్‌ను (ఆ టీ నుంచి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెను) ఎన్ని టీలకు అచ్చువేశారు అన్న రెండు గడులు చూడండి. ఒకే టీకి మహిళల రేటింగ్ ఉండి అది 5,200 దాటితే ఆ కోర్సు మీకోసం కట్టినది కాదు, ఎంత పేరున్నదైనా సరే.

మీ అబ్బాయి ఇల్లు ఫ్రిస్కో వైపైతే అక్కడి ఫీల్డ్స్ రాంచ్ రిసార్టును ఒకసారి చూడండి. 2025లో మహిళల పీజీఏ చాంపియన్‌షిప్ జరిగింది, మింజీ లీ గెలిచింది అక్కడి ఈస్ట్ కోర్సులోనే. ఆ పెద్ద కోర్సు మాట ఎలా ఉన్నా, పక్కనే దీపాల వెలుతురులో ఆడుకునేలా పది పార్-3 హోల్స్‌తో చిన్న కోర్సు, బంతిని గుంతలోకి దొర్లించే పుటింగ్ కోసం రెండెకరాల మైదానం ఉన్నాయి. టెక్సాస్ ఎండాకాలంలో మనలాంటివాళ్లకు సాయంత్రం పూట అదే హాయి.

ప్రశ్న: స్నేహితురాళ్లం కొందరం సెలవుల్లో కలిసి వెళ్లి ఆడుతుంటాం. మేము ఆడిన కోర్సుల గురించి తర్వాత వెళ్లే ఆడవారికి పనికొచ్చేలా సమీక్షలు రాయాలనుకుంటున్నాం. ఏమేం రాయాలి?
— వైద్యురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మొదటి వాక్యంలోనే మీ డ్రైవ్ పొడవు, హ్యాండీక్యాప్, ఆడిన టీ, ఆడిన నెల చెప్పేయండి. ఈ నాలుగూ లేని సమీక్ష ఎంత అందంగా రాసినా, చదివే మహిళకు ఆ కోర్సు తనకు సరిపోతుందో లేదో తెలియదు. ఇప్పుడు వస్తున్న సమీక్షలకు ఉన్న అసలు జబ్బు ఇదే. రాసినవారు వెనుక టీ నుంచి ఆడి ఉంటారు, ఆ సంగతి చెప్పరు. ఆడవారి గురించి చివర్లో "మహిళలకు కూడా టీలు ఉన్నాయి" అని ఒక్క ముక్క తగిలిస్తారు.

నెల ఎందుకంటారా? బోగీ క్రీడాకారిణి కొట్టే 150 గజాల్లో గాలిలో వెళ్లేది 130, నేల మీద దొర్లేది 20 అని రేటింగ్ లెక్కల్లో తీసుకుంటారు. జనవరిలో ఎండి గట్టిపడిన ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య గడ్డి కత్తిరించిన దారి) మీద ఆ 20 గజాలు ముప్పై కావచ్చు. జూలై వానలకు నానిన నేలలో బంతి పడ్డచోటే కూరుకుపోతుంది. దూరం కొట్టేవారికంటే తక్కువ దూరం కొట్టేవారికి దొర్లుడు మీద ఆధారం ఎక్కువ కాబట్టి, వానాకాలంలో అదే కోర్సు మనకు ఇంకా పొడవుగా అనిపిస్తుంది.

తర్వాత చెప్పవలసింది బంతిని తప్పనిసరిగా గాలిలో దాటించవలసిన చోట్లు. చెరువు, వాగు, లోయ, పొదల పట్టీ, ఏదైనా సరే, మీరు ఆడిన టీ నుంచి దాన్ని దాటడానికి ఎన్ని గజాలు కావాలో రాయండి. 90 గజాలైతే చాలామంది దాటిస్తారు. 130 దాటితే బోగీ క్రీడాకారిణి బంతి నీళ్లలోకి పోయినట్టే. పక్కనుంచి చుట్టి వెళ్లే దారి ఉందా అన్నది దానికంటే ముఖ్యం. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఎనిమిదో హోల్ రెండో షాట్ సముద్రపు కొండచరియ మీదుగా కొట్టాలి. అది భయపెట్టే షాటే గాని, ఎడమ వైపు నేలను ఆసరా చేసుకుని ఇంకో షాట్ ఖర్చుపెట్టి చుట్టి వెళ్లవచ్చు. ఆ వెసులుబాటు ఉంది కాబట్టే అది మంచి హోల్. దానికి ముందున్న ఏడో హోల్ నూరు గజాలు దాటీ దాటనంత పొట్టి పార్-3; దూరానికి అక్కడ విలువ లేదు, గాలిని అంచనా వేయడమే ఆట, అందుకే ఆడా మగా దాదాపు సమానంగా నిలబడే హోల్స్‌లో అదొకటి. ఇలాంటి హోల్స్ ఒక కోర్సులో ఎన్ని ఉన్నాయో సమీక్షలో చెబితే ఎంతో మేలు.

గ్రీన్ ముందు భాగం తెరిచి ఉందా, బంకరుతో (ఇసుక గుంటతో) మూసి ఉందా అన్నది మగవారి సమీక్షల్లో దాదాపు కనిపించదు. వారు ఎనిమిదో ఐరన్‌తో ఎత్తుగా కొట్టి గ్రీన్ మీద దింపుతారు. అదే గ్రీన్‌కు మనం హైబ్రిడ్‌తోనో ఫెయిర్‌వే వుడ్‌తోనో, అంటే దూరం కొట్టే క్లబ్బులతో వస్తాం. బంతి తక్కువ ఎత్తులో వచ్చి నేల తాకి పరుగెత్తుకుంటూ వెళ్తుంది. ముందు తెరిచి ఉంటే ఆ బంతి గ్రీన్ ఎక్కుతుంది, అడ్డంగా బంకరుంటే అందులో పడుతుంది. 2014లో నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సులో వరుసగా రెండు వారాలు పురుషుల యూఎస్ ఓపెన్, మహిళల యూఎస్ ఓపెన్ జరిగాయి. మార్టిన్ కైమర్, మిషెల్ వీ విజేతలు. మహిళల వారంలో నిర్వాహకులు పొడవును వందల గజాలు తగ్గించారు. గ్రీన్‌లోకి కొట్టే షాట్‌కి ఇద్దరి చేతిలోనూ దాదాపు ఒకే క్లబ్ ఉండాలన్నదే అక్కడి ఆలోచన. అంతటి పోటీల్లోనే ఈ లెక్క చూసుకుంటున్నప్పుడు, సెలవుల్లో ఆడుకునే మన కోర్సుల్లో చూడకపోవడానికి కారణం అలసత్వం తప్ప మరొకటి నాకు కనిపించదు.

ముందు టీని దగ్గరికి వెళ్లి చూసి రాయండి. వెనుక టీలు చదునుగా, దట్టమైన గడ్డితో, అంచులు చెక్కినట్టు ఉంటాయి. చాలాచోట్ల మన టీ కార్ట్ దారి పక్కన ఒక వాలు మీద ఉంటుంది. రెండు ఎర్ర గుర్తులు పాతి ఉంటాయి, మధ్యలో గడ్డి ఊడిపోయి మట్టి తేలి ఉంటుంది, క్లబ్ ఎత్తితే తగిలేంత కిందికి ఒక చెట్టు కొమ్మ వేలాడుతుంటుంది. గుర్తులు ఫెయిర్‌వే వైపు కాకుండా పక్కన గడ్డి పెరిగిన రఫ్ వైపు చూపిస్తుంటాయి. ఈ టీని కోర్సు కట్టినవారు ఆలోచించి పెట్టారా, తర్వాత ఎవరో అడిగితే పెట్టారా అన్నది అక్కడ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది. కొండల అందం, క్లబ్‌హౌస్ భోజనం, పచ్చదనం గురించి ఇవన్నీ అయ్యాక రాసుకోవచ్చు; అవి ఫొటోల్లో ఎలాగూ కనిపిస్తాయి.

ప్రశ్న: మా ఆవిడ, నేను కలిసి ఆడుతుంటాం. ముందు టీ నుంచి ఆడమంటే ఆమెకు నామోషీ. నాతోపాటే, మగవారు ఎక్కువగా ఆడే తెల్ల టీ నుంచి ఆడి, పదో హోల్‌కి అలిసిపోయి, ఆట మీద విసుగు తెచ్చుకుంటోంది. అలాగని ముందు టీ నుంచి ఆడితే మా మధ్య పోటీ న్యాయంగా ఉంటుందా?
— వ్యాపారి, తెనాలి

జవాబు: న్యాయంగానే ఉంటుంది, ఎందుకంటే తేడాను హ్యాండీక్యాప్ లెక్క తనంతట తానే సరిచేస్తుంది. 2020 నుంచి అమలులో ఉన్న ప్రపంచ హ్యాండీక్యాప్ విధానంలో టీలకు స్త్రీల కోసం, పురుషుల కోసం వేర్వేరుగా కోర్సు రేటింగ్, స్లోప్ రేటింగ్ (నిపుణులతో పోలిస్తే మామూలు ఆటగాళ్లకు ఎంత ఎక్కువ కష్టమో చెప్పే అంకె) ఇస్తారు. స్లోప్ 55 నుంచి 155 వరకు ఉంటుంది, 113 దాని ప్రామాణిక అంకె. మీ హ్యాండీక్యాప్ సూచిని స్లోప్‌తో గుణించి 113తో భాగించి, వచ్చినదానికి కోర్సు రేటింగ్‌లోంచి పార్‌ను తీసివేయగా మిగిలిన తేడాను కలిపితే ఆ టీ నుంచి మీకు దక్కే స్ట్రోకులు, అంటే మీ స్కోరులోంచి తీసివేసుకోగల షాట్లు, వస్తాయి.

ఉదాహరణకు మీ ఆవిడ సూచి 30, ముందున్న ఎర్ర టీకి మహిళల రేటింగ్ 68.5, స్లోప్ 118, పార్ 72 అనుకుందాం. లెక్క వేస్తే ఆమెకు 28 స్ట్రోకులు. మీ సూచి 18, తెల్ల టీకి పురుషుల రేటింగ్ 70.8, స్లోప్ 125 అనుకుంటే మీకు 19. అంటే ఆమెకు మీరు తొమ్మిది స్ట్రోకులు ఇవ్వాలి. అదే ఆమె మీతోపాటు తెల్ల టీ నుంచి ఆడితే, ఆ టీకి మహిళల రేటింగ్ 74.5, స్లోప్ 132 అయితే, ఆమెకు 38 వస్తాయి; మీరు ఇవ్వవలసినవి పంతొమ్మిదికి పెరుగుతాయి. గెలుపు ఓటములు రెండు విధాలా సమతూకంలోనే ఉంటాయి. కాకపోతే మొదటి పద్ధతిలో ఆమె గ్రీన్ దగ్గర పడే మంచి షాట్లు ఎక్కువ కొడుతుంది, రెండో పద్ధతిలో ఫెయిర్‌వే మధ్య చేసే కూలి ఎక్కువ. ఆవిడకు ఈ లెక్క చూపించండి. తెల్ల టీకి మహిళల రేటింగ్ అసలు అచ్చువేయని కోర్సులూ ఉన్నాయి. అలాంటిచోట ఆమె అక్కడి నుంచి ఆడిన స్కోరు హ్యాండీక్యాప్ లెక్కలోకి తేలిగ్గా ఎక్కదు.

నామోషీ మాట ఒక్కటి మిగిలింది. ఎర్ర రంగును "ఆడవాళ్ల టీ" అని పిలవడమే దానికి మూలం. రంగులకు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ఎవరి డ్రైవ్‌ను బట్టి వారు ఎంచుకోమంటున్న కోర్సుల్లో ఈ గొడవ తగ్గుతోంది. డెబ్బై దాటిన మగవారు కూడా అక్కడ సిగ్గుపడకుండా ముందుకు వస్తారు. దూరం ఒక్కటే ఆట కాదనడానికి మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి అదితి అశోక్‌ను చూపితే చాలు: టోక్యో ఒలింపిక్స్‌లో బాగా దూరం కొట్టేవారిలో ఆమె లేరు, పుటింగ్ బలంతో నాలుగో స్థానం దాకా వెళ్లి ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోగొట్టుకున్నారు.

ప్రశ్న: విదేశాలకు వెళ్లినప్పుడు ఆడవారికి పబ్లిక్ కోర్సు మేలా, రిసార్టు కోర్సు మేలా?
— పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒంటరిగా వెళ్లేవారికి, నడిచి ఆడాలనుకునేవారికి, డబ్బు చూసుకునేవారికి పబ్లిక్ కోర్సు. నలుగురు కలిసి, ఏడాదికోసారి, ఖర్చుకు వెనుకాడకుండా వెళ్లేవారికి రిసార్టు. ఇది నా అభిప్రాయం.

రిసార్టువారికి భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వచ్చి గదులు తీసుకుంటేనే లాభం, కాబట్టి ముందు టీల మీద, అద్దె క్లబ్బుల మీద, మరుగుదొడ్ల మీద శ్రద్ధ పెడతారు. ఇది మనకు కలిసొచ్చే విషయమే. అయితే చాలా రిసార్టు కోర్సులను చుట్టూ విల్లాలు అమ్ముకోవడానికి గీస్తారు. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి వెళ్లడానికి అర కిలోమీటరు ఇళ్ల మధ్య నుంచి పోవాలి, అక్కడ నడక కుదరదు, కార్ట్ ఎక్కక తప్పదు. పైగా ఫొటోలో బాగుండాలని ప్రతి రెండు హోల్స్‌కీ ఒక చెరువు తవ్వుతారు.

పబ్లిక్ కోర్సుల్లో గొప్పవి తక్కువేం కాదు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో బెత్‌పేజ్ అనే స్టేట్ పార్కులో అయిదు కోర్సులున్నాయి. వాటిలో బ్లాక్ కోర్సు మొదటి టీ దగ్గర, ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడగలవారికి మాత్రమే సిఫారసు చేస్తున్నాం అని బోర్డు పెట్టారు. అక్కడ కార్టులు ఉండవు, నడవవలసిందే. ఆ బోర్డు దగ్గర ఫొటో దిగి, పక్కనున్న యెల్లో కోర్సులో ఆడుకోవడం మనలో చాలామందికి సరైన పని. అక్కడి అయిదింటిలో తేలికైనది అదే. ఇలాంటిచోట్ల మీరు ఒక్కరే వెళ్తే ముక్కూమొహం తెలియని ముగ్గురితో కలిపి పంపుతారు. దీనికి మనవాళ్లు జంకుతారు గాని, టీ సమయం (ఆట మొదలుపెట్టే వేళ) తీసుకునేటప్పుడే మీతో ఆడబోయేవారు ఎవరని అడగవచ్చు, మహిళల బృందంతో కలపమని కోరవచ్చు. అలా అడిగితే విసుక్కునే కోర్సుకు రెండోసారి వెళ్లనక్కరలేదు, ఆ మాట సమీక్షలో కూడా రాయవచ్చు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇప్పుడిప్పుడే ఆట మొదలుపెట్టాను. మన దేశంలో మాలాంటి అమ్మాయిలు సభ్యత్వం లేకుండా ఆడగల కోర్సులు ఉన్నాయా?
— విద్యార్థిని, మంగళగిరి

జవాబు: ఉన్నాయి గాని తక్కువ. మన దేశంలో గోల్ఫ్ క్లబ్బుల చుట్టూ, కంటోన్మెంట్ల చుట్టూ పెరిగిన ఆట. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటన్ వెలుపల అన్నిటికన్నా పాతది. ఆ వారసత్వంతోపాటు సభ్యులకే ప్రవేశమన్న అలవాటూ వచ్చింది. దానికి భిన్నమైనది ఢిల్లీ లాడో సరాయ్‌లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు. రుసుము చెల్లించి ఎవరైనా ఆడవచ్చు. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల పాదాల దగ్గర, దాల్ సరస్సు వైపు ఉన్న రాయల్ స్ప్రింగ్స్ కోర్సు కూడా ప్రభుత్వానిదే. దాన్ని రూపొందించినవారు రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్.

మన వైపు నుంచి దగ్గరివంటే హైదరాబాదు, విశాఖ. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ క్లబ్బువారి 18 హోల్స్ కోర్సు ఉంది. విజయవాడలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగి ఎండ ముదరకముందే ఆట ముగించవచ్చు. హైదరాబాదులో గోల్కొండ కోట నయా ఖిల్లా లోపల ఒక కోర్సు, గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య పీటర్ హరాడైన్ గీసిన బౌల్డర్ హిల్స్ ఉన్నాయి. ఇలాంటి క్లబ్బు కోర్సులకు అతిథిగానే వెళ్లాల్సి వస్తుంది. అతిథుల నిబంధనలు, రోజులు, రుసుములు మారుతుంటాయి కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ మాటల్లోనే ముందు టీ పొడవు, సాధన చేసుకునే డ్రైవింగ్ రేంజ్ వేళలు కూడా అడగండి. బెంగళూరు దాకా వెళ్లగలిగితే నంది కొండల దగ్గరి ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ రిసార్టు కోర్సును చూడండి. దాన్ని గీసిన పీబీ డై పైన చెప్పిన ఆలిస్ డై కుమారుడు. తల్లి మాట కొడుకు ఎంతవరకు విన్నాడో ముందు టీల మీద నిలబడి మీరే తేల్చండి.

మొదటి ఏడాది మాత్రం 18 హోల్స్ కోసం ఆరాటపడకుండా రేంజ్‌లో కొట్టండి, పుటింగ్ మీద సమయం పెట్టండి, తొమ్మిది హోల్స్‌తో సరిపెట్టుకోండి. అదితి అశోక్ బెంగళూరులో అయిదేళ్ల వయసులో మొదలుపెట్టింది కూడా కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ డ్రైవింగ్ రేంజ్‌లోనే.

ప్రశ్న: దుస్తులు, అద్దె క్లబ్బులు, మరుగుదొడ్ల సంగతి ఎవరూ రాయరు. మీరైనా చెప్పండి.
— గుంటూరు, తెనాలి, విజయవాడ నుంచి పలువురు పాఠకురాళ్లు

జవాబు: మూడూ ముఖ్యమే, మూడో దాన్ని మొదట చెబుతాను. 18 హోల్స్ ఆడడానికి నాలుగు గంటలు పైన పడుతుంది. దారిలో కనీసం రెండుచోట్ల శుభ్రమైన, గడియ పడే మరుగుదొడ్డి ఉండాలి. మగవారు చెట్టు చాటుకు వెళ్లి వస్తారు కాబట్టి ఈ లోటు వారి కంటికి ఆనదు. ఏ హోల్ దగ్గర ఉంది, నీళ్లున్నాయా, తాళం వేసి ఉంచి కౌంటర్ దగ్గర తాళంచెవి అడగమంటారా అన్నవి సమీక్షలో రాయదగిన విషయాలు.

అద్దె క్లబ్బుల విషయంలో "లేడీస్ సెట్ ఉందా" అని అడిగి ఊరుకోకండి. మహిళల సెట్‌లో క్లబ్ పొడవు మగవారి దానికంటే దాదాపు ఒక అంగుళం తక్కువ, షాఫ్ట్ తేలికగా, ఎక్కువ వంగేలా ఉంటుంది. వృద్ధ పురుషుల సెట్ తెచ్చి ఇదే అదని చేతిలో పెట్టేవారున్నారు. ఎడమచేతి వాటం వారైతే ఇంకా ముందుగా చెప్పాలి. గ్లవ్ మాత్రం మీది మీరే తీసుకెళ్లండి, చిన్న కొలత కోర్సు దుకాణాల్లో తరచూ దొరకదు. దుస్తుల నియమం దాదాపు అంతటా ఒకటే: కాలరున్న చొక్కా, ప్యాంటు లేదా మోకాలి దాకా స్కర్టు, మెత్తని స్పైకుల బూట్లు. సల్వార్ కమీజ్‌కు ఒప్పుకునేవారూ ఉన్నారు, ఒప్పుకోనివారూ ఉన్నారు; అడిగి వెళ్లడం నయం.

ప్రశ్న: వచ్చే వేసవిలో మా అమ్మాయి దగ్గరికి స్కాట్లండ్ వెళ్తున్నాను. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడవాళ్లను ఆడనిస్తారా?
— అరండల్‌పేట, గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా ఆడనిస్తారు. 2014 సెప్టెంబరు దాకా ఆడవారికి సభ్యత్వం ఇవ్వనిది కోర్సు పక్కన రాతి భవనం ఉన్న రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు. కోర్సు ఆ క్లబ్బుది కాదు. దాన్ని లింక్స్ ట్రస్టు అందరి కోసం నడుపుతుంది. అక్కడ మహిళల బ్రిటిష్ ఓపెన్ తొలిసారి 2007లో జరిగి లొరేనా ఒచోవా గెలిచారు. 2024లో లిడియా కో గెలిచారు. పోటీలున్నప్పుడు తప్ప ఆదివారం ఓల్డ్ కోర్సు మూసి ఉంటుంది, ఆ రోజు ఊరివాళ్లు దాని మీద తీరిగ్గా నడుస్తారు. ముందుగా సమయం దొరకనివారు ఇద్దరుగానో అంతకంటే ఎక్కువమందిగానో పేర్లిచ్చి, ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు లాటరీలో పాల్గొనవచ్చు.

అక్కడే ఉన్న జూబిలీ కోర్సును 1897లో ఆడవారి కోసం, కొత్తగా నేర్చుకునేవారి కోసం అని మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడి కోర్సుల్లో అన్నిటికన్నా కష్టమైనదని దానికే పేరు, కాబట్టి ఆ చరిత్ర చదివి మోసపోకండి. మీకు నేను ముందుగా చెప్పేది హిమాలయాస్ అనే పుటింగ్ మైదానం. ఆడవారు క్లబ్బును భుజం దాటి ఎత్తకూడదన్న మర్యాదలు నడిచిన కాలంలో, 1867లో అక్కడి మహిళలు పుటింగ్ క్లబ్బు పెట్టుకుని సంపాదించుకున్న చోటు అది. పేరుకు తగ్గట్టే నేలంతా మిట్టపల్లాలు. క్లబ్బు సభ్యుల వేళలు పోను మిగిలిన సమయంలో బయటివారిని కూడా కొద్దిపాటి రుసుముతో ఆడనిస్తారు, హ్యాండీక్యాప్ అడగరు. ఓల్డ్ కోర్సుకు మాత్రం హ్యాండీక్యాప్ ధ్రువపత్రం చూపవలసి ఉంటుంది. దాన్ని ఇక్కడ మీరు ఆడే క్లబ్బు నుంచి బయలుదేరే ముందే తీసుకుని, టికెట్లతోపాటు పెట్టుకోండి.